మొక్కకు తగిలిన గాటు

"మొక్కై వంగనిది మానై వంగునా" యను సామెత తెలుగునాట బడిలో వినబడినంత తరచుగా మరెచ్చటను వినబడదు. బెత్తమునకు ఇంతకంటె బలమైన సాక్ష్యము అక్కరలేదని ఉపాధ్యాయులును తల్లిదండ్రులును తరతరములుగా భావించుచు వచ్చిరి. ఐతే ఆ సామెతలో వారు గ్రహించినది సగము మాత్రమే. లేత మొక్క వంగునన్నది నిజమే. లేత మొక్క విరుగునన్నదియు అంతే నిజము. మొలకనాడు కాండముపై పడిన గాటు, చెట్టు పెరిగిన కొలది మానినట్లే కనబడును. కాని బెరడు క్రింద ముడియై నిలిచియుండును. ఆ సంగతి వడ్రంగికి తెలియును. కొయ్య కోయునపుడు ఆ ముడికడనే రంపము మొరాయించును. పసివయస్సున తగిలిన మనోగాయము పెరుగుచున్న మెదడునందు ఇట్టి జాడనే విడుచునని గడచిన కొన్ని దశాబ్దుల శాస్త్రపరిశోధన చెప్పుచున్నది.

ఇది దూరదేశపు ప్రయోగశాలల ముచ్చటయని త్రోసివేయుటకు వీలులేదు. వరంగల్లుకు ఇది స్వానుభవము. 1997-98 నాటి పత్తి పంట ఆ జిల్లా రైతుకు ఎన్నటికిని మరపురానిది. అకాల వర్షములు, ఆకును తిను లద్దె పురుగు, కాయను తొలుచు పురుగు, ఎన్నిమార్లు చల్లినను పనిచేయని మందులు, ఆ మందులను అరువుగా ఇచ్చిన వర్తకునికే పండినది తూచవలసిన నిర్బంధము - ఇవి యన్నియు ఒక్క యేటనే వచ్చిపడినవి. ఎనుమాముల మార్కెట్టుకు బండ్లతో పోవలసిన రైతులు వట్టిచేతులతో ఇండ్లయందు కూలబడిరి. వారిలో ఎందరో ఆ చలికాలమునను తరువాతి నెలలయందును బలవన్మరణముల పాలైరి. ఆ వార్త దేశమంతట మారుమ్రోగినది. శాసనసభలో చర్చలు జరిగినవి, విచారణలు జరిగినవి, గ్రంథములు వెలువడినవి.

పిమ్మట 2004వ సంవత్సరము జూన్ నెలలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 421వ నంబరు ఉత్తరువు ననుసరించి, అట్లు మరణించిన రైతు కుటుంబమునకు లక్షన్నర రూపాయల సహాయము నిర్ణయించినది. అందు లక్ష రూపాయలు కుటుంబ పునరావాసమునకు, ఏబదివేలు అప్పుల పరిష్కారమునకు. తెలంగాణ ఏర్పడిన తరువాత 2015లో ఆ మొత్తము ఆరు లక్షలకు పెరిగినది. ఈ సహాయమును తక్కువచేసి మాటాడుట ధర్మము కాదు. అయితే మరణము సంభవించిన యింటికి విచారణకై వెళ్ళువారెవరో గమనింపవలెను. రెవెన్యూ అధికారి వెళ్ళును, పోలీసు అధికారి వెళ్ళును, వ్యవసాయాధికారి వెళ్ళును. ఒకరు భూమి పట్టాను చూతురు, ఒకరు మరణకారణమును చూతురు, ఒకరు పంటను చూతురు. ఆ మువ్వురిలో ఉపాధ్యాయుడు లేడు. ఆ యింటి గుమ్మమున నిలిచి అంతయు చూచుచున్న ఎనిమిదేండ్ల బిడ్డ ఏ శాఖ లెక్కకును అందలేదు. తండ్రి అప్పు ఎంతయో కాగితముమీద తేలినది. బిడ్డ మీద పడిన ఋణభారమెంతయో ఎవరును కొలువలేదు.

ఇట్లు కొలువకపోవుట ఆనాడే మొదలైనది కాదు. 1947 సెప్టెంబరు 2వ తేదీన పరకాలలో జాతీయపతాకము నెగురవేయబోయిన జనుల మీద కాల్పులు జరిగినవి. మరుసటి యేడు ఆగస్టు 27వ తేదీన బైరాన్‌పల్లి గ్రామము నెత్తురుమడుగైనది. అసువులు బాసినవారికి స్తూపములు నిలిచినవి; అది ఉచితమే. కాని ఆనాడు గాదెల చాటునను గడ్డివాముల వెనుకను దాగి, చూడరానివి చూచిన పసివారు ఎట్లు పెరిగిరో, ఎట్లు నిదురించిరో ఏ చరిత్రకారుడును వ్రాయలేదు. చరిత్ర చనిపోయినవారిని లెక్కించును. బ్రతికిపోయిన పిల్లలను లెక్కించవలసినది బడియే.

మెదడు పుట్టుకతోనే పూర్తియై వచ్చు యంత్రము కాదు. పుట్టిననాటి శిశువు మెదడు, పెద్దవాని మెదడు బరువులో ఇంచుమించు నాలుగవ వంతు మాత్రమే. ఆరేండ్లు నిండునప్పటికి పరిమాణములో అది పెద్దల మెదడుకు తొమ్మిది పాళ్ళ వరకు చేరుకొనును. ఈలోగా జీవకణములకు నడుమ కోట్లకొలది సంబంధములు ఏర్పడుచుండును, తెగిపోవుచుండును. పొలము గట్లమీద నడకదారి ఏర్పడినట్లే ఇదియు. నలుగురు నడిచిన దారి నిలుచును; ఎవరును నడువని దారి గడ్డి మొలచి పూడిపోవును. పలుకరింపు, ఆట, పాట, లాలన, కథ - వీనివలన కొన్ని దారులు ఏర్పడును. భయము, అరపులు, దెబ్బలు, ఆకలి, నిరాదరణ - వీనివలన వేరు దారులు ఏర్పడును. ఏది నిత్యమో దానికి తగినట్లుగా మెదడు తన్ను తాను దిద్దుకొనును. ఆ దిద్దుబాటు దోషము కాదు. ఆ బిడ్డ బ్రతుకుటకు ప్రకృతి చేసిన ఏర్పాటు.

వెనుకటి గ్రామమును తలచుకొనినచో ఈ సంగతి సులభముగ బోధపడును. ఊరికి మస్కూరి ఒకడు, పట్వారీ ఒకడు, మంచి చెడు విచారించి తీర్పు చెప్పు పెద్దమనిషి ఒకడు ఉండెడివారు. మెదడునందును అట్టి మూడు స్థానములు కలవు. బాదము గింజ యంతటి అమిగ్డలా యనునది మస్కూరి వంటిది. అపాయము కనబడగనే కేక వేయుట దాని పని. హిప్పోకాంపస్ యనునది పట్వారీ వంటిది. జరిగినదానిని, నేర్చినదానిని జ్ఞాపకపు చిట్టాకెక్కించుట దాని పని. నుదుటి వెనుకనుండు ముందరి మెదడు పెద్దమనిషి వంటిది. తొందరపాటును అణచి, ఆలోచించి, ఒక నిర్ణయమునకు తెచ్చుట దాని పని. ఈ పెద్దమనిషి ఎదుగుట మిక్కిలి నెమ్మది. ఇరువది యేండ్లు దాటిన తరువాత గాని ఆ పెంపు పూర్తికాదు.

అపాయము ఎదురైనపుడు శరీరమున అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములు ఊరును. గుండె వేగముగ కొట్టుకొనును, కండరములు బిగియును. పాము కనబడినవేళ ఇది ప్రాణరక్షకము. పాము పోయిన పిదప తల్లి ఒడిలోనికి తీసుకొనినచో ఆ వేగము దిగిపోవును. కాని పాము ఇంటిలోనే కాపురమున్నచో, అనగా త్రాగివచ్చి తల్లిని కొట్టు తండ్రియో, అప్పులవారి కేకలో, ఆప్తుని ఆకస్మిక మరణమో, ఎవరును చెంత చేరని ఒంటరితనమో దినదినమును ఉన్నచో, ఆ రసములు తగ్గుట యుండదు. అవి నెలల తరబడి, ఏండ్ల తరబడి ఎక్కువగా నిలిచినపుడు మస్కూరి నిరంతరము కేకలు వేయుచుండును. పట్వారీ చిట్టా వ్రాయలేకపోవును. పెద్దమనిషి మాట ఎవరికిని వినబడదు. కష్టము ఒక్కటే ఇంతటి హాని చేయదు. కష్టములో ప్రక్కన నిలుచు పెద్ద దిక్కు లేకపోవుటయే కష్టమును విషముగా మార్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ యొక్క వాక్యము ఉపాధ్యాయుడు జ్ఞాపకముంచుకొనినచో చాలును.

ఇపుడు తరగతి గదిలోనికి రావలెను. అట్టి యింటినుండి వచ్చిన బాలుడొకడు మూడవ వరుసలో కూర్చున్నాడని పాఠకులు ఊహింతురు గాక. తలుపు చప్పుడైన ఉలికిపడును. నిన్న అప్పచెప్పిన ఎక్కము నేడు రాదు. ప్రక్కవాని మోచేయి తగిలినంతనే కొట్లాటకు దిగును. మరియొక బాలిక కలదు. ఆమె దేనికిని ఉలికిపడదు, దేనికిని బదులు చెప్పదు, కిటికీ వైపు చూచుచుండును. మొదటివానికి "పొగరుబోతు" అని పేరు. రెండవదానికి "మొద్దు" అని పేరు. నిజమునకు ఇద్దరికిని తెలివి తక్కువ కాలేదు. పాఠము వినవలసిన మెదడు కావలి కాయుచున్నది. రాత్రియంతయు కావలి కాచినవాడు పగలు పొలము దున్నలేకపోయిన ఎవరును అతనిని సోమరి యనరు.

దెబ్బలు తిని పెరిగిన పిల్లలు ఎదుటివారి ముఖమున కోపమును తక్కిన పిల్లలకంటె త్వరగా, అతి స్వల్పమైన గుర్తులనుబట్టియే పసిగట్టుదురని పరిశోధకులు కనుగొనిరి. కావున గురువు కనుబొమ ముడిపడగనే తరగతిలో ముప్పదిమందికి కనబడనిది ఆ యొక్కనికి కనబడును. అతనికి అది కనుబొమ ముడి కాదు, రాబోవు దెబ్బ. గురువు బెత్తమెత్తుటకు ముందే అతని మెదడు పాఠమును విడిచి పారిపోయినది. ఎత్తిన బెత్తము అతనికి ఎక్కము నేర్పదు. లోకమంతయు తన యింటివంటిదేనని నేర్పును.

ఈ గాయము బాల్యముతో ముగియునా? 1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా అను వైద్యులు ప్రకటించిన పరిశోధన ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినది. ఆ అధ్యయనమున మొత్తము 17,000 మందికి పైగా పెద్దలను వారి బాల్యపు కష్టములను గూర్చి అడిగిరి. హింస, అవమానము, నిరాదరణ, ఇంటిలో త్రాగుడు, తల్లి దెబ్బలు తినుట మొదలైనవి ఎన్ని ఎక్కువైనచో, పెద్దతనమున దిగులు, వ్యసనములు, గుండెజబ్బులు సైతము అంత ఎక్కువగా కనబడినవి. చిత్రమేమనగా వరంగల్లు పత్తిరైతుల యిండ్లలో దీపములు ఆరినదియు ఆ సంవత్సరమందే. నాడు ఎనిమిదేండ్ల బిడ్డ నేడు ముప్పదియైదు దాటిన తండ్రియో తల్లియో అయియుండును. వారి పిల్లలు నేడు బడిలో ఉందురు. మానని గాయము ఒక తరముతో ఆగునన్న నమ్మకము లేదు.

నిరాదరణ విషయమై రుమేనియా దేశపు అనుభవము మరియు స్పష్టమైనది. 2000వ సంవత్సరమున బుఖారెస్ట్ నగరమున శాస్త్రజ్ఞులు అనాథాలయములలోని 136 మంది పసివారిని గూర్చి అధ్యయనము ప్రారంభించిరి. అచ్చట తిండికి పూర్తిగ లోటు లేదు. పేరు పెట్టి పిలిచి ఎత్తుకొను చేతులకే లోటు. సగము మందిని పెంపుడు కుటుంబములలో ఉంచగా, కాలక్రమమున వారి తెలివి, మాట, మెదడు విద్యుచ్చలనము సైతము తక్కినవారికంటె మెరుగైనవి. రెండేండ్లు నిండకముందే కుటుంబము దొరికినవారికి మేలు అధికము. ఇందు రెండు పాఠములు కలవు: ఆలస్యము అనర్థదాయకమనునది ఒకటి, ఆదరణ నిజముగనే ఔషధమనునది రెండవది.

"మా తాతలు కోదండము వేయించుకొనియు, గోడకుర్చీ వేసియు పెద్దవారు కాలేదా?" యని ఆక్షేపించువారు కలరు. అయిరి; అందరును కాదు. దెబ్బలు తిని పెద్దయైనవాడు సభలో నిలిచి ఆ మాట చెప్పగలడు. దెబ్బలకు జడిసి మూడవ తరగతిలోనే బడి మానినవాడు ఆ సభకు రాలేదు. గెలిచినవాని సాక్ష్యమును మాత్రమే విని తీర్పు చెప్పుట న్యాయము కాదు. అదిగాక, ఇంటిలో నలుగురు పెద్దల ఆదరణ గలవానికి బడిలో తగిలిన దెబ్బ ఒక విధము. ఇంటినుండి గాయముతో వచ్చినవానికి తగిలిన దెబ్బ వేరొక విధము. దెబ్బ ఒక్కటే కావచ్చును, తగిలిన చోటు ఒక్కటి కాదు.

బెత్తము గతకాలపు మాటయని అనుకొనుటకును వీలులేదు. 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము 17వ సెక్షను ప్రకారము పిల్లలను శారీరకముగ దండించుటయు, మానసికముగ వేధించుటయు నిషిద్ధము. ఐనను చట్టమునకు, తరగతి గదికి నడుమ దూరము చాల కలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుండి వరంగల్లు పొరుగుననున్న కరీంనగర్‌తో సహా పలు జిల్లాలలో సుమారు 3,000 మంది పిల్లలను ఏండ్ల తరబడి పరిశీలించిన "యంగ్ లైవ్స్" అధ్యయనమున, ఎనిమిదేండ్ల పిల్లలను అడుగగా, నూటికి 78 మంది గడచిన వారములోనే బడిలో దెబ్బలు తింటిమని చెప్పిరి. ఆ సమాధానములు చట్టము రాకముందు, వచ్చు దినములలో సేకరించినవి. కాని అలవాటు చట్టముతో పాటు ఒక్కనాటిలో మారునది కాదని ఉపాధ్యాయులకే బాగుగ తెలియును.

రెండవ ఆక్షేపణ మరింత గౌరవింపదగినది. "ఉపాధ్యాయుడు వైద్యుడు కాడు. తరగతిలో పిల్లలెందరో, పాఠము పూర్తిచేయవలెను, పరీక్షలు జరుపవలెను, లెక్కలు పంపవలెను. ఇక ప్రతి బిడ్డ మనస్సును ఎక్కడ విచారింపగలడు?" ఈ మాటలో న్యాయము కలదు. ఉపాధ్యాయునిపై మరియొక భారము మోపి, ఆ భారమునకు తగిన శిక్షణ ఈయకుండుట ప్రభుత్వములకు అలవాటు. కాని ఇచ్చట అతనిని కోరునది చికిత్స కాదు. చికిత్సకు వైద్యులు కలరు. వరంగల్లులో 1959లో వెలసిన కాకతీయ వైద్య కళాశాల, దానికి అనుబంధమైన మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి కలవు. 14416 నంబరుకు ఫోను చేసినచో మానసిక వైద్య సలహా లభించును. ఆపదలోనున్న బిడ్డకు 1098 కలదు. ఉపాధ్యాయుడు చేయవలసినది అంతకంటె చిన్నపని, అంతకంటె పెద్దపని కూడ. అతడు ఆ బిడ్డకు దినమునకు ఆరు గంటలు అపాయము లేని చోటును చూపవలెను.

దానికి ధనము అక్కరలేదు. బిడ్డను ప్రతిదినము పేరు పెట్టి పిలుచుట, తరగతి పని ఒక క్రమములో నడిపి, మార్పు ఉన్నచో ముందుగ చెప్పుట, కోపము వచ్చినపుడు కంఠము తగ్గించుట, తప్పు చేసినవానిని నలుగురిలో నిలువబెట్టక ప్రక్కకు పిలిచి మాటాడుట, "ఏమి చేసితివిరా?" యని గద్దించుటకు బదులు "ఏమి జరిగినది నాయనా?" యని అడుగుట - ఇవియే ఆ పనులు. అడిగినపుడు బిడ్డ చెప్పకపోయిన బలవంతపెట్టరాదు. చెప్పినచో ఆ మాట ఉపాధ్యాయుల గదిలో కబురు కారాదు. "వీడు ఫలానా యింటివాడు" అను ముద్ర, "మొద్దు" అను ముద్రకంటె ఏమాత్రమును దయగలది కాదు.

క్రమశిక్షణ వలదని దీని యర్థము కాదు. భయములో పెరిగిన బిడ్డకు తక్కిన పిల్లలకంటె క్రమము ఎక్కువ అవసరము. రేపు ఏమి జరుగునో తెలిసియుండుట అతనికి విశ్రాంతి. కాని క్రమము వేరు, భయము వేరు. పొలమునకు గట్టు కావలెను; గట్టు పేరు చెప్పి పైరును త్రొక్కరాదు.

ప్రభుత్వము చేయవలసినదియు ఒకటి కలదు. రైతు మరణించిన యింటికి మూడు శాఖల అధికారులు వెళ్ళుచున్నపుడు, ఆ యింటి పిల్లలు చదువు బడి ప్రధానోపాధ్యాయునికి ఆ దినముననే కబురందవలెను. అతడో, తరగతి ఉపాధ్యాయుడో కర్మలు ముగియు లోపుననే ఆ యింటికి పోవలెను. బిడ్డ తిరిగి బడికి వచ్చిన దినమున గైర్హాజరుకు కారణము అడుగు దుర్గతి ఉండరాదు. పిల్లలను గురుకులములకు పంపినచో అచ్చటి ఉపాధ్యాయులకును ఈ సంగతి గోప్యముగ తెలియవలెను. ఏలయన ఇల్లు విడిచి వచ్చిన బిడ్డకు రాత్రి నిదురపట్టనివేళ అందుబాటునందున్న పెద్ద దిక్కు వారే. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో పిల్లల మెదడు పెంపును గూర్చిన పాఠము పరీక్షకు బట్టీపట్టునదిగ గాక, తరగతిలో వాడుకొనునదిగ బోధింపవలెను.

విద్యార్థులకును ఇందు వంతు కలదు. తోటివాడు నోరు విప్పినపుడు నవ్వకుండుట, ఒంటరిగ కూర్చున్నవానిని ఆటకు పిలుచుట, అతడు చెప్పిన కష్టము తమ వయస్సునకు మించినదైనచో నమ్మకస్థుడైన పెద్దవానికి తెలుపుట - ఇవి స్నేహధర్మములు. స్వయముగ అట్టి గాయముతో పెరుగుచున్న విద్యార్థి ఈ పంక్తులు చదువుచున్నచో అతడు తెలిసికొనవలసినది ఇంకొకటి కలదు: జరిగినది అతని తప్పు కాదు, అదియే అతని తలవ్రాతయు కాదు.

ఈ కడపటి మాట ఓదార్పునకై చెప్పినది కాదు. హవాయి ద్వీపములలోని కవాయి యందు 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అను విదుషి, ఆమె సహచరులు దశాబ్దుల తరబడి పరిశీలించిరి. పేదరికము, కలహము, రోగము మొదలైనవి చుట్టుముట్టిన పిల్లలలో ఇంచుమించు మూడవ వంతుమంది సమర్థులై, దయగలవారై ఎదిగిరి. వారి జీవితములలో సామాన్యముగ కనబడినవానిలో ముఖ్యమైనది, తమను విడువని పెద్ద ఒకరుండుట. ఆ పెద్ద ఒకచోట అవ్వ, ఒకచోట పొరుగువాడు, పెక్కుచోట్ల ఉపాధ్యాయుడు.

కొయ్యకును మెదడుకును భేదము ఇచ్చటనే కలదు. కొయ్యలోని ముడి మారదు. మెదడు జీవించియున్నంతకాలము మారుచుండును, క్రొత్త దారులు వేసికొనుచుండును. వరంగల్లు పత్తిచేలలో మొలక వాడినపుడు రైతు దానిని తిట్టడు, కొట్టడు. కూర్చుండి, మొదలు చూచి, మట్టి కదలించి, నీరు పెట్టును. మరునాడు మరల వచ్చి చూచును. ఆ రైతు బిడ్డ బడికి వచ్చినపుడు ఆ పాటి ఓర్పును బడి చూపలేకపోయినచో, ఆ తండ్రికి పొలమునందు తెలిసిన విద్య బడికి తెలియలేదనియే చెప్పవలెను.